పుట్టబోయే బిడ్డకు రక్షణ



తల్లి తిన్న అన్నమే కడుపులోని బిడ్డకు ఆహారమని మన పెద్దలు ఎరుగుదురు. అందువలననే గర్భవతికి ఇన్ని పథ్యాలు, ఇన్ని జాగ్రత్తలు చెప్పేవారు. అయితే కంటికి కానరాని, నాలుకకు తెలియని విషం ఆ అన్నంతోనే లోనికి పోతే ఏమగును? జపాన్ దేశంలోని మినమాట పట్టణం ఈ ప్రశ్నకు బాధాకరమైన సమాధానం చెప్పింది.

అక్కడి చిస్సో సంస్థవారి కర్మాగారం 1932 నుండి 1968 వరకు ఎసిటాల్డిహైడ్ తయారీలో ఏర్పడిన మిథైల్ పాదరసాన్ని వ్యర్థజలంతోపాటు సముద్రంలోనికి విడిచింది. ఆ విషం చేపలలో చేరింది. చేపలు తిన్న పిల్లులు గిరగిర తిరిగి చచ్చాయి. పిదప మనుషులు చూపు మందగించి, వణుకుతో మంచం పట్టారు. 1956లో ఈ వ్యాధి అధికారికంగా వెలుగులోనికి వచ్చింది. 1959లో కర్మాగారపు వైద్యుడు హోసోకావా ఆ వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టగా, దానికీ అదే వ్యాధి కలిగింది. సంస్థ ఆ ఫలితాన్ని వెల్లడి కానీయలేదు.

అంతకన్న దారుణం మరొకటి జరిగింది. పైకి ఆరోగ్యంగానే కనిపించిన తల్లులకు నడవలేని, మాటలాడలేని పిల్లలు పుట్టారు. మాయ విషాన్ని అడ్డగించునని అంతవరకు వైద్యలోకం నమ్మింది. పిల్లలకు గర్భంలోనే వ్యాధి సోకినదని 1962లో అంగీకరింపక తప్పలేదు. జపాన్‌లో బొడ్డుతాడును ఎండబెట్టి దాచుకొనే ఆచారం ఉంది. డాక్టర్ హరదా ప్రభృతులు వాటిని సేకరించి పరీక్షించగా మిథైల్ పాదరసం బయటపడింది. తల్లులు ప్రేమతో దాచిన గుర్తే సాక్ష్యమైంది.

ఆ కాలంలోనే థాలిడోమైడ్ అనే మందు వలన పదివేలమంది వరకు, అంతకు మించి కూడ, శిశువులు అవయవ లోపాలతో జన్మించారు. ఆ హాని ఎలుకలలో స్పష్టంగా కనబడలేదు, కుందేళ్లలో కనబడింది. ఒక్క జాతి సాక్ష్యం చాలదని అప్పుడు తేలింది.

ఈ అనుభవాల నుండియే నేటి పరీక్షావిధానం రూపొందింది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 1981లో 414వ మార్గదర్శకాన్ని వెలువరించింది. సాధారణంగా ఎలుకలను, కుందేళ్లను ఎన్నుకొంటారు. గర్భం ధరించిన జంతువులను జట్టుకు ఇరవై చొప్పున నాలుగు జట్లు చేస్తారు. ఒక జట్టుకు రసాయనం ఇవ్వరు. తక్కిన మూడింటికి హెచ్చు, మధ్యమ, స్వల్ప మోతాదులలో ప్రతిదినం ఇస్తారు. ప్రసవానికి ముందు గర్భాశయాన్ని తెరచి పిల్లల బరువును, ఎముకలను, అవయవాలను పరిశీలిస్తారు. హాని కనబడని మోతాదులో నూరవ వంతును మానవులకు హద్దుగా గ్రహించుట పరిపాటి.

ఈ పరీక్ష సర్వజ్ఞమైనది కాదు. ఎముకలు సరిగా ఉన్నా మెదడు దెబ్బతినవచ్చు. మినమాట పిల్లల గతి అదే. అందుకే పుట్టిన తరువాత పిల్లల నడవడిని, నేర్పును పరిశీలించే మరొక మార్గదర్శకం 2007లో వచ్చింది.

మూగజీవుల ప్రాణాలకు విలువ లేదా? ఉన్నది. ప్రత్యామ్నాయాలు వెదకాలనీ, సంఖ్య తగ్గించాలనీ, బాధ తగ్గించాలనీ రసెల్, బర్చ్ 1959లోనే బోధించారు. నేడు కణాలపైనా, జీబ్రా చేపల పిండాలపైనా పరిశోధనలు సాగుతున్నాయి.

హోసోకావా 1970లో రోగశయ్య నుండి ఆ పిల్లి కథను న్యాయవిచారణలో చెప్పాడు. అప్పటికి పదకొండేళ్లు గడిచిపోయాయి. ఒక జీవి ప్రాణమిచ్చి చెప్పిన సత్యాన్ని దాచిపెట్టడం ఆ ప్రాణానికీ, పుట్టబోయే బిడ్డకూ చేసే ద్రోహం. ఈ బడిలో చదివి కర్మాగారాలలో, ప్రయోగశాలలలో, కార్యాలయాలలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులారా! అటువంటి కాగితం ఏనాడైనా మీ చేతికి వస్తే దానిని సొరుగులో పెట్టి తాళం వేయకండి.