చౌక సాండర్ యంత్రము – ఇంటి చెక్కపని
(శాఖా సభ్యుల కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కరవు భత్యము గురించియు, ఖాళీ పోస్టుల గురించియు వినుటకు అలవాటు పడిన మీకు నేడు మేము ఎన్నుకొన్న విషయము కొంత వింతగా తోచవచ్చును. మన సభ్యులలో పలువురు రెండు మూడు వేల రూపాయలు పెట్టి చిన్న కరెంటు సాండర్‌ను కొని, సెలవు దినములలో తలుపులు, కుర్చీలు, పాత బల్లలు తామే నునుపు చేసికొనుచున్నారు. వడ్రంగి కూలి పెరిగినది. రిటైరైన పిదప చేతికి పని కావలెను. ఇందు తప్పు పట్టవలసినది ఏదియు లేదు. అయితే ఆ యంత్రము నుండి లేచెడి ధూళి విషయమున మన ఇండ్లలో తగిన జాగ్రత్త కానరాదు. అందుచేతనే ఈ ప్రసంగము.

ముందు యంత్రము సంగతి. బజారులో చౌకగా దొరకునది అరచేతిలో ఇమిడెడి నలుచదరపు సాండర్. దీని అడుగు పలక చక్రము వలె తిరుగదు. సుమారు రెండు మిల్లీమీటర్ల చిన్న వలయములో నిమిషమునకు పదివేల సార్లకు పైగా కదలును. మామూలు గరుకు కాగితపు షీటును నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను రెండు ప్రక్కల క్లిప్పులతో బిగింపవచ్చును. దీనిలోని అసలు పొదుపు ఇదే. గుండ్రని బిళ్లలు అంటించెడి రాండమ్ ఆర్బిటల్ రకము పనిలో చురుకైనది, గీతలు తక్కువ వేయును. కాని దాని బిళ్లల ఖర్చు వెంటాడుచుండును. బెల్టు సాండర్ జోలికి మాత్రము పోవద్దని మా సలహా. అనుభవము లేని చేతిలో అది క్షణములో చెక్కను గుంట చేయును.

చౌక యంత్రములలో క్లిప్పులు బలహీనము. కాగితము వదులుగా ఉన్నచో అది చెక్కకు అంటుకొని నిలిచిపోవును, పలక మాత్రము దానిపై ఊరక కదలుచుండును. అప్పుడు యంత్రమును తిట్టి లాభము లేదు. కాగితమును లాగి బిగించవలెను. పని త్వరగా జరుగునని బలముగా అదుముట మరియొక దురలవాటు. అదిమినకొలది మోటారు వేగము తగ్గి వేడెక్కును, చెక్కపై సున్నాల వంటి గీతలు పడును. యంత్రము బరువే చాలును. చెక్క చారలు సాగిన దిక్కుననే, సెకనుకు అంగుళము చొప్పున మెల్లగా జరుపవలెను. ప్లైవుడ్ బల్లలపై అంటించిన అందపు పొర మిల్లీమీటరు కంటె పలుచన. అక్కడ యంత్రము కంటె చేయి మేలు.

కాగితము వెనుక అంకె పెరిగినకొలది గరుకు తగ్గును. పాత వార్నిష్‌కు 80, పిమ్మట 120, తుదకు 180. మధ్య మెట్టు దాటి 80 నుండి 220కి దుమికినచో మొదటి గీతలు అట్లే నిలిచి, పాలిష్ వేసిన తరువాత బయటపడును. నునుపును కంటితో నిర్ణయింపరాదు. ఆర్.ఎం.ఎస్.లో పనిచేసిన మిత్రులకు సార్టింగ్ కేసుల గూళ్లు గుర్తుండును: ఏండ్ల తరబడి ఉత్తరములు, చేతులు రాసికొని వాని అంచులు ఎంత నునుపు దేరినవో! ఆ నునుపు తెలిసిన వ్రేళ్లతోనే తడిమి చూడుడు.

వానాకాలములో పట్టివేసిన తలుపు గురించి తరచుగా అడుగుచున్నారు. శ్రావణములో చెక్క తేమ పీల్చి ఉబ్బును. అప్పుడే అంచు అరుగదీసినచో మాఘములో చెక్క ఎండి సందు తేలును, దోమలకు దారి ఏర్పడును. పొడి దినముల వరకు ఆగుట మంచిది. అప్పటికిని పట్టుచున్నచో, రెండు మూడు మిల్లీమీటర్లు తీయవలసియున్న చోట చిత్రిక పట్టవలెను. సాండర్ చివరి నునుపునకే. అరుగదీసిన అంచునకు వెంటనే ప్రైమరు వేయవలెను. తలుపు పై అంచు, క్రింది అంచు కంటికి కానరావని రంగు వేయక వదలుదురు. తేమ ప్రవేశించునది అక్కడినుండియే.

ఇక ధూళి. చెక్క ధూళి మనుష్యులకు కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో నిర్ధారించినది. యంత్రము వెనుక గల చిన్న సంచి ముతక పొడిని పట్టును; ఊపిరితిత్తుల లోతునకు పోవు సన్నని ధూళి దానిలోనుండి జారిపోవును. ముక్కునకు తువాలు కట్టుట ఆత్మవంచన. కోవిడ్ నాడు మనకు పరిచయమైన ఎన్-95 మాస్కు, కండ్లద్దాలు ధరించి, ఇంటి వెలుపల పని చేయవలెను. తరువాత చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.

పాత రంగు ఇంతకంటె ప్రమాదకరము. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు ముందు వేసిన రంగులో సీసము ఉండవచ్చునని భావించుటయే క్షేమము. సీసమునకు హాని లేని మోతాదు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నేలపై ప్రాకి, వ్రేళ్లు నోటిలో పెట్టుకొను పసిబిడ్డలు దానికి మొదటి బలి; వారి మెదడు ఎదుగుదల దెబ్బతినును. అట్టి రంగుపై ఏ యంత్రమును పెట్టరాదు. రంగు గట్టిగా ఉన్నచో దానిపైననే పూత వేయవచ్చును. పెచ్చులూడుచున్నచో నీటి కాగితముతో తడిపి చేతితో రుద్ది, ఆ బురదను గుడ్డతో ఎత్తి పారవేయవలెను. పిల్లలను, గర్భిణులను దూరముగా ఉంచవలెను. కరెంటు సాండర్‌ను తడిచెక్కపై వాడుట ప్రాణాంతకమని వేరుగా చెప్పనవసరము లేదు. ఆస్‌బెస్టాస్ రేకును సాండర్‌తో తాకనే తాకరాదు.

క్వార్టర్ల తలుపులు, కిటికీల మరమ్మతు యాజమాన్యపు బాధ్యత. ఫిర్యాదు పుస్తకములో వ్రాయించి చేయించుకొనుడు. మీ జేబు నుండి, మీ ఊపిరితిత్తుల నుండి ఆ ఖర్చు భరింపకుడు. వడ్రంగిని పిలిచినప్పుడు అతనికి కూడ ఒక మాస్కు ఇండు. దినమంతయు ఆ ధూళిలో బ్రతుకువాడు అతడే.

ఉదయము పదకొండు గంటలనగా మనకు పట్టపగలు. రాత్రి బండి నడిపి వచ్చిన ప్రక్కింటి లోకో పైలటుకు అది అర్ధరాత్రి. గోడ ప్రక్కన సాండర్ పెట్టుటకు ముందు అతని డ్యూటీ అడిగి తెలిసికొనుడు. పావుగంటకు ఒకమారు ఆపినచో మోటారు చల్లారును, చేతికిని విశ్రాంతి. చౌక యంత్రములు చేతిని ఎక్కువగా అదరగొట్టును. వ్రేళ్లు తిమ్మిరెక్కినచో ఆనాటికి పని చాలింపవలెను.

చివరకు అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయకుడు. నూనె ఆరునప్పుడు పుట్టు వేడి లోపల చిక్కుకొని, అగ్గిపుల్ల లేకయే అవి అంటుకొనగలవు. వెలుపల తీగపై విడివిడిగా పరచి, పూర్తిగా ఆరిన పిదపనే పారవేయవలెను.