ఒక్క లైను రాయించండి

  నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, మీకూ మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు.

నేను గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీ పిల్లని. మా నాన్న బొగ్గుబాయి లాంప్ రూంలో పనిచేశారు. బాయిలోకి దిగేముందు దీపం తీసుకోవాలి, పైకొచ్చాక అప్పగించాలి. షిఫ్టు దిగాక ఒక్క దీపం తక్కువైనా, ఆ మనిషి ఆచూకీ తెలిసేదాకా మా నాన్న ఇల్లు చేరేవారు కాదు. ఆ లెక్కల పిచ్చి నాకూ అంటింది. నవజాత శిశువుల ఐసీయూలో పిల్లల డాక్టరుగా ఉన్నన్నాళ్లూ, ఇంటికి పంపిన బిడ్డలు మళ్లీ చూపించుకోవడానికి వచ్చారా లేదా అన్నదే నా గోల.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇక్కడ నెలలు నిండని బిడ్డ పుడితే కరీంనగర్‌కో వరంగల్‌కో పరుగు తీయాల్సిందే. 2022లో మన రామగుండానికి బొగ్గు గనుల సంస్థ సింగరేణి పేరుతోనే మెడికల్ కాలేజీ వచ్చింది. కిలో బరువున్న బిడ్డలు కూడా ఇప్పుడు బతికి ఇంటికి పోతున్నారు. చాలా సంతోషం. నా బెంగ మొదలయ్యేదీ అక్కడే.

ఓ తల్లి మూడేళ్ల బాబును తీసుకొచ్చింది. "మాటలు వస్తలేవు మేడం." వెంటనే నానమ్మ అందుకుంది: "వాళ్ల తాతకు గూడ లేటుగనే వచ్చినయ్. చెవులు మంచిగనే ఉన్నయ్, తలుపు గట్టిగ ఏస్తే ఉలిక్కిపడ్తడు." తల్లి ప్లాస్టిక్ కవర్లోంచి డిశ్చార్జి కాగితం తీసింది. ఏడో నెలలో పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. వెంటిలేటర్ పెట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్, వారం దాటి అమికాసిన్ యాంటీబయాటిక్, మధ్యలో మూత్రం పోయించే లాసిక్స్. కామెర్లు ముదిరితే రక్తం మార్చారు. కింద సలహాలు: టీకాలు, బరువు, ఐరన్ చుక్కలు. చెవుల ఊసే లేదు. ఆసుపత్రి పేరెందుకు గానీ, అలాంటి కాగితాలు నేను చాలా చూశాను.

ఆ కాగితంలో సలహాలకు పైనున్న ప్రతి లైనూ చెవికి ముప్పే. అమికాసిన్, జెంటామైసిన్ ప్రాణం నిలబెడతాయి, లోపలి చెవిలోని రోమకణాలను చంపనూగలవు. అవి పోతే మళ్లీ రావు. లాసిక్స్ తోడైతే ముప్పు పెరుగుతుంది. హద్దు మీరిన బిలిరుబిన్ వినికిడి నరాన్నీ, మెదడులో దాని కేంద్రాలనూ దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ అందకపోవడం సరేసరి. కడుపులో ఉండగా సోకిన సైటోమెగలోవైరస్, రుబెల్లా, పుట్టాక వచ్చే మెనింజైటిస్ కూడా ఈ జాబితాలోవే. ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెవుడున్నవాళ్లు ఉన్నారా, మేనరికమా అన్నది మీరు అడిగితేనే బయటికొస్తుంది. మొత్తం పిల్లల్లో వెయ్యికి ఒకరిద్దరికి ఉండే వినికిడి లోపం, ఐసీయూ పిల్లల్లో వందకు 2 నుంచి 4 దాకా ఉంటుంది.

మరి తలుపు చప్పుడుకు ఎలా ఉలిక్కిపడ్డాడు? తలుపు అదురు ఒంటికి తెలుస్తుంది, పెద్ద చప్పుడు కొద్దో గొప్పో వినబడుతుంది. మాటలు నేర్చుకోవడానికి ఆ వినికిడి చాలదు. వినికిడి నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష చేస్తే రెండు చెవులూ బాగా దెబ్బతిని ఉన్నాయి. వినికిడి యంత్రం పెట్టించాం. మాట నాటుకోవాల్సిన మూడేళ్లను మాత్రం ఏ యంత్రమూ తెచ్చివ్వలేదు.

ఓఏఈ వినికిడి పరీక్ష చేశాం, పాసయ్యాడు అని చేతులు దులుపుకోకండి. అది లోపలి చెవి వరకే చూస్తుంది, నరం సంగతి దానికి పట్టదు. ఐదు రోజులు దాటి ఐసీయూలో ఉన్న బిడ్డకు బెరా కావాలి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. పాసైనా తొమ్మిది నెలలకల్లా మళ్లీ చూడాలి, మెనింజైటిస్ వచ్చినవాళ్లను ఇంకా ముందే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. బిడ్డ వేళకు రావడమే లేదు.

ఇంకో మాట. ఇంక్యుబేటర్ మీద ఫైలు దబ్బున పడేసేవాళ్లు, అలారం మోగుతుంటే రీల్స్ చూసేవాళ్లు మీలో ఉన్నారా? నవ్వుతున్నారంటే ఉన్నట్టే. ఐసీయూలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదంటారు. మీ పెళ్లిచూపుల ముచ్చట్లు ఒక్కటి చాలు దాటడానికి!

డాక్టర్లు మర్చిపోతారు. కావాలంటే మా ఇంట్లో అడగండి. డిశ్చార్జి కాగితం మడిచి తల్లి చేతిలో పెట్టేది మీరు. 'బెరా పరీక్ష, ఫలానా తేదీ, ఫలానా చోట' అని ఒక్క లైను రాయించందే మడవకండి. రిజిస్టర్లో ఎక్కించుకోండి. రాని తల్లికి ఫోన్ చేయండి. విసుక్కుంటుంది, అయినా చేయండి. నేను రిటైరయ్యాను, పొద్దుపోవడం లేదు. ఏదో ఒక రోజు మీ వార్డుకొచ్చి ఫైళ్లు తిరగేస్తా. ఆ లైను కనబడలేదో, ఇవాళ పట్టా ఇచ్చిన ఈ చేత్తోనే మీ చెవి మెలిపెడతా.