ఇంటి సినిమా యంత్రము – మారెడు తాళములు



ఇటీవల జహీరాబాదులో మా బంధువుల యింట ఒక చిన్న సంగతి జరిగెను. అమెరికాలోనున్న కుమారుడు బ్లూ-రే ప్లేయరు నొకదానిని, కొన్ని డిస్కులను తెచ్చి యిచ్చెను. రాత్రి భోజనములైన పిమ్మట ఇరుగుపొరుగువారు సైతము వచ్చి చాపలమీద కూర్చుండిరి. క్రొత్త డిస్కు పెట్టగా సినిమా రాలేదు. సాఫ్టువేరు అప్‌డేటు చేసికొనుమని ఇంగ్లీషున నొక ప్రకటన వచ్చెను. యంత్రము చెడినదని ఇంటి పెద్ద మిక్కిలి నొచ్చుకొనెను. పాత డిస్కు పెట్టిన, అది చక్కగా ఆడెను.

ఇందలి మర్మమును చెప్పెదను. 2006లో వెలువడిన బ్లూ-రే డిస్కులలో చిత్రమును ఏఏసీఎస్ అను తాళము వేసి యుంచెదరు. దానిని తెరచు రహస్యసంఖ్యలు, అనగా తాళపుచెవులు, ప్రతి ప్లేయరునందును ఇమిడి యుండును. 2007లో కొన్ని కంప్యూటరు ప్లేయర్ల చెవులు బయటపడెను. అంతట ఆ చెవులు చెల్లకుండునట్లు క్రొత్త డిస్కులను తయారుచేసిరి. విన్‌డీవీడీ మొదలగు ప్లేయర్లు గలవారు సాఫ్టువేరు మార్చుకొననిదే క్రొత్త చిత్రములు చూడలేకపోయిరి. గోదాము చెవి నొకడు దొంగిలించిన, తాళము మార్చి ఊరివారందరికి క్రొత్త చెవులు పంచినట్లే యిది. దొంగ యొకడు, తిరుగువారు అందరును! తాళములే కాదు, డిస్కులో నడచు ప్రోగ్రాములును మారుచుండును. పాత ప్లేయరునకు అవి తెలియవు. ఇక మరియొక తాళము గలదు. అమెరికాకు ‘ఏ’ మండలము, మనకు ‘సి’ మండలము. దీనిని అప్‌డేటు సడలింపదు. కావున అక్కడి ప్లేయరులో ఇక్కడి డిస్కు ఆడకపోయిన, యంత్రమును నిందింపరాదు.

అప్‌డేటు మేలే చేయునని నమ్ముటయు సరికాదు. 2020 జూన్ మాసమున సామ్‌సంగ్ వారి బ్లూ-రే ప్లేయర్లు అనేకము ఒక్కసారిగా పనికిరాకపోయెను. ఇంటర్నెట్టు ద్వారా వచ్చిన చిన్న ఫైలు నొకదానిని సరిగా చదువలేక, అవి ఆరుచు వెలుగుచు మరల మరల మొదటికే వచ్చుచుండెను. ఆ స్థితిలో దిద్దుబాటును స్వీకరించు శక్తియు వానికి లేదు. అమెరికాలో ఆ సంస్థవారు వానిని తపాలాలో తెప్పించి ఉచితముగా బాగుచేసిరి. సొమ్ము చెల్లించి కొన్న వస్తువు మన గదిలో నుండగా, దాని తాళము పరుల చేతిలో నుండుట నాకు వింతగనే తోచును.

మా బంధువుల కథ చెప్పెదను. వారి యింట ఇంటర్నెట్టు లేదు. కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవాడొకడు తయారీదారు వెబ్‌సైటునుండి, ప్లేయరు వెనుకనున్న మోడలు సంఖ్యను సరిచూచి, ఫైలును పెన్‌డ్రైవులోనికి దింపెను. అప్‌డేటు నడుచునంతసేపు కరెంటు పోరాదు. పోయిన యంత్రము మూగవోవచ్చును. మన కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు! అందుచే ఇన్వర్టరు గల పొరుగింటికి ప్లేయరును మోసికొనిపోయిరి.

ఇక్కడనే కొన్న యంత్రము అప్‌డేటువలన చెడిన, అమ్మినవాడు చేతులు దులుపుకొన్న, బిల్లు భద్రపరచినవారికి దారి గలదు. 2020 జూలై 20నుండి అమలులోనున్న వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. జహీరాబాదువారికి అది సంగారెడ్డి జిల్లా. 5 లక్షల రూపాయలలోపు వస్తువునకు రుసుము లేదు. మొదట 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

పొరుగింట అప్‌డేటు ముగియుటకు పావుగంట పట్టెను. ఆ రాత్రి చాపలు అక్కడనే పరచిరి.