నలుగురి మాట – నిజం మాట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికలు, రేడియో, టీవీ, ఇప్పుడు చేతిలోని ఫోను – ఇవన్నీ కలిసి మన అభిప్రాయాలను ఒకే మూసలో ఎట్లా పోస్తున్నాయో నాలుగు మాటలు మనవి చేస్తాను. 'నలుగురితోపాటు నారాయణా' అని తెలుగులో సామెత ఉంది. నలుగురూ అన్నదే మనమూ అనేస్తే గొడవ ఉండదు. గొడవ ఉండదు సరే, నష్టం ఉండదా?

1950ల తొలి రోజుల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేశాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలైనా చెప్పగలరు. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని, కావాలనే తప్పు చెప్పారు. అట్లాంటప్పుడు ఆ ఒంటరివాళ్ళు ఇచ్చిన జవాబుల్లో సుమారు మూడో వంతు గుంపుతోపాటే తప్పాయి. కళ్ళెదుటి గీత విషయమే ఇట్లా ఉంటే, కంటికి కనబడని సంగతుల మాట చెప్పాలా? ఇంకో విశేషం ఏమంటే, గుంపులో మరొక్క మనిషి నిజం చెబితే చాలు, తప్పులు బాగా తగ్గిపోయాయి.

ఇక మన దేశం సంగతి చూద్దాం. 2002లో భారతదేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. అందులో అధిక భాగం ఉత్తరప్రదేశ్‌లోనివే. అక్కడి ముస్లిం మొహల్లాల్లో, చుక్కల మందు వేయిస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదనే పుకారు పాకింది. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. 'అందరూ అంటున్నారు' అన్నదే సాక్ష్యం. ఒక ఇంటి తలుపు మూసుకుంటే పక్కింటి తలుపూ మూసుకుంది. అనుమానానికి కారణం బొత్తిగా లేదని నేను అనను. 1976 నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనం మరచిపోలేదు. మామూలు జ్వరానికి డాక్టరు దొరకని వీధికి చుక్కల మందు మాత్రం పదేపదే వస్తుంటే ఎందుకని అడగడమూ న్యాయమే. అయితే అడగడం వేరు, విన్నది నమ్మేసి తలుపు మూసుకోవడం వేరు. శిక్ష పడింది పసిపిల్లల కాళ్ళకు.

ఆ పుకారును గోడమీది పోస్టర్లొక్కటే ఆపలేదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా ఇస్లామియా వాళ్ళు తోడొచ్చారు. ఇమాములు మసీదు మైకులో చెప్పారు. ఆ వీధి ఆడవాళ్ళే ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల దేశంలో వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలోనిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. చూడండి, పుకారు పాకిందీ ఇరుగుపొరుగు నోటనే, నిజం నిలిచిందీ ఇరుగుపొరుగు నోటనే.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చింది నమ్మి, మన తెలుగు నేలతో సహా ఎన్నో చోట్ల అమాయకులను కొట్టారు, కొందరి ప్రాణాలే తీశారు. ఆ జులైలో ఆ కంపెనీ, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది. ఆ కట్టడి చేతికే గాని బుద్ధికి కాదు కదా!

హదీసు పండితులు ఏ మాట విన్నా, 'ఎవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు' అని గొలుసంతా పట్టి చూసేవారు. దాన్నే ఇస్నాద్ అంటారు. ఆ అలవాటు ఫోను దగ్గరా ఉండాలి. మనవాళ్ళకు నచ్చే వార్త అయితే రెండింతలు ఉండాలి. ఇంట్లో అబ్బాయి గాని, అమ్మాయి గాని 'ఇది నిజమేనా నాన్నా?' అని అడిగితే 'నోర్మూసుకో' అనకండి. ఆష్ పరీక్షలో నిజం చెప్పిన ఆ రెండో మనిషి రేపు మన ఇంట్లో వాళ్ళే కావచ్చు.