రణరంగ చౌక్: మనిషికొక స్తూపం

అమెరికాలోని అలెగ్జాండ్రియాలో ఫ్రీమేసన్ల సోదర సంఘం చందాలు పోగుచేసి, తమ సభ్యుడైన జార్జి వాషింగ్టన్ పేరిట 333 అడుగుల స్మారక భవనం కట్టింది. 1932లో అంకితం చేసింది. మన తెనాలి మాత్రం, నాయకుడి పిలుపు విని ప్రాణాలిచ్చిన మామూలు మనుషులకు స్తూపాలు ఎత్తింది. నాకు ఇదే ఎక్కువ గొప్పగా తోస్తుంది.

1942 ఆగస్టు 8న బొంబాయిలో గాంధీజీ క్విట్ ఇండియా అన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే, 12న, తెనాలి రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు నేలకొరిగారు. రణరంగ చౌక్‌లోని ఏడు స్తూపాలు వాళ్లవే, మనిషికొకటి.

బాపట్ల నుంచి, రేపల్లె నుంచి రైల్లో తెనాలి వచ్చేవారు ఈసారి ఆ చౌక్ దాకా వెళ్లండి. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.