తీగల మీద కాదు, స్తంభాల మీద

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంజనీరును కాను. ముప్పై అయిదేళ్లు ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లతో కాలం వెళ్లదీసిన గుమాస్తాను. కార్యదర్శి గారు మాట్లాడమన్నారు కనుక రేడియో గోలతో మొదలుపెట్టి ఇంటర్నెట్టు దాకా నాకు తెలిసినంత మనవి చేస్తాను.

నాగిరెడ్డిపేటలో మా ఇంట తెల్లవారుతూనే రేడియో మోగవలసిందే. హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. ఒక ఎండాకాలం దానికి బర్రుమనే చప్పుడు పట్టుకుంది. వార్తలు వినబడవు. రేడియో పాడైందని మా ఇంటావిడ, చెవులు పాడైనవని మా అబ్బాయి. కాని వాన పడిన రోజు ఆ గోల ఉండేది కాదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. చిన్న ట్రాన్సిస్టరు చేత పట్టుకొని లైను వెంట నడిచాను. మీడియం వేవ్ మీద గోల లైను పొడుగునా ఒకటే తీరు. షార్ట్‌వేవ్‌కు తిప్పితే మాత్రం ఒక్క స్తంభం దగ్గరే ఎక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ ఆ చప్పుడు తీగ వెంట దూరం పోలేదు మరి. దరఖాస్తు రాసి, నంబరు వేయించుకొని వచ్చాను. పాత అలవాటు! నెల దాటినాక లైన్‌మన్ స్తంభమెక్కి దిగి, "సార్, మీ రేడియో చెప్పిందే నిజం, పింగాణీ బుడ్డి పగిలింది" అన్నాడు. ఆ సందులో నిప్పురవ్వలు ఎగురుతుండేవి. వానకు తడిస్తే సందు కలిసిపోయి చప్పుడు ఆగేది. ఎఫ్.ఎం.కు ఈ బాధ తక్కువ. అందులో మాట తరంగం ఎత్తులో ఉండదు, ఫ్రీక్వెన్సీ మార్పులో ఉంటుంది. అందుచేత నిజామాబాదు కేంద్రం 103.2 మీద మాకు తేటగా వినవచ్చేది.

ఇంటింటికీ కరెంటు తీగ ఉన్నది కదా, దాని మీదనే ఇంటర్నెట్టు పంపరాదా అని చాలా మంది అడుగుతారు. మంచి ప్రశ్నే. సబ్‌స్టేషన్ల వారు హైటెన్షన్ లైన్ల మీదనే ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు. అది తక్కువ ఫ్రీక్వెన్సీ, నాలుగు మాటలకు చాలు. ఇంటర్నెట్టుకు మెగాహెర్ట్జ్‌లు కావాలె. టెలిఫోను తీగలు జంటగా మెలివేసి ఉంటవి, ఒకదాని గోలను మరొకటి కొట్టేస్తుంది. కరెంటు తీగలు దూరదూరంగా బట్టలారేసే తాళ్లలాగ ఉంటవి. వాటిలోకి మెగాహెర్ట్జ్‌లు పంపితే ఊరి పొడుగునా ఏరియల్ కట్టినట్టే. ఒకప్పుడు సిలోన్ నుంచి మనం తెలుగు పాటలు విన్న షార్ట్‌వేవ్ అంతా గోలే. అమెరికాలో 2004లో దీనికి నిబంధనలు చేశారు. హామ్ రేడియో వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వర్జీనియాలోని మనాసస్ పట్టణంలో 2005లో ఊరంతటికీ ఇచ్చి, 2010లో మూసుకున్నారు.

అందుకే తీగ వద్దు, స్తంభం ముద్దు అంటాను. గాజు దారంలో పోయేది వెలుతురు. పక్కన పదకొండు వేల వోల్టులున్నా దానికి లెక్క లేదు, అది రేడియోను బాధించదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదనే వేల కిలోమీటర్ల ఫైబరు లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభింపజేశారు. మన తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల కందకాల్లోనే ఫైబరుకూ దారి చేశారు. స్తంభం మీదిది గాలివానకు తెగుతుంది, భూమిలోది జేసీబీకి తెగుతుంది. ఎక్కడ వేసినా అతుకు వేసే మనిషి దగ్గరలో ఉండవలె.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెబుతాను. నాతో పనిచేసిన ఒక అన్న పోచారం అడవి అంచున శివారు ఊళ్లో ఉంటాడు. ఎనభై దాటినవి. లైఫ్ సర్టిఫికెట్టు ఇయ్యాలంటే ఇంట్లో సిగ్నలు లేదు. కొడుకు మోటారు సైకిలు మీద చెరువు కట్ట ఎక్కించాడు. అక్కడ సిగ్నలు దొరికింది, అరిగిన వేలికి ముద్ర పడలేదు. ఫోనులో ముఖం చూపిద్దామనేసరికి సిగ్నలు పోయింది. ఒక నెల పెన్షను ఆగింది. బతికున్న మనిషి, బతికున్నట్టు చెప్పుకొనేందుకు కట్ట ఎక్కవలసి వచ్చింది. మందుల దుకాణంలో ఖాతా పెట్టానని చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు.

2011లో కేంద్రం ఆమోదించిన పథకం, తర్వాత భారత్‌నెట్ అయినది, పంచాయతీ కార్యాలయం దాకా ఫైబరు తెచ్చేది. కార్యాలయం తలుపు తాళంతో ఉంటే ఫైబరూ తాళంలోనే! 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో దాన్ని సవరించారు. పంచాయతీలను గొలుసుగా కలిపి, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి అందేటట్టు ఏర్పాటు. పదేళ్ల నిర్వహణ కూడా చేర్చారు. అందులో ఒక ముక్క గమనించండి: పంచాయతీ కేంద్రం కాని ఊళ్లకు అడిగితేనే ఇస్తారు.

అడగడం మనకు రానిదా? శివారు ఊళ్లలో ఉన్న మన సభ్యుల పేర్లు, ఊరి పేరు, దగ్గరి స్తంభం నంబరు రాసి ఈ నెలాఖరు లోగా కార్యదర్శి గారికి ఇయ్యండి. దరఖాస్తు నేను రాస్తాను. నకలు ఒకటి మనదగ్గర ఉంచి, ఇన్‌వర్డు నంబరు వేయించుకొనే వస్తాను. సెలవు.