వంటగది ఐలాండ్ – చెక్క, తేమ



వంటగది మధ్యలో, చుట్టూ తిరిగి పనిచేసుకునేలా అమర్చే గట్టును ఐలాండ్ అంటారు. దుకాణంలో దొరికే రెడీమేడ్ క్యాబినెట్లతోనే దీన్ని చేసుకోవచ్చు. 60 సెంటీమీటర్ల లోతున్న కింది క్యాబినెట్‌ను, అదే ఎత్తుండి 30 సెంటీమీటర్ల లోతున్న గోడ క్యాబినెట్‌ను ఒకే పీఠంపై వీపుకు వీపు ఆనించి, స్క్రూలతో బిగిస్తే 90 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. పైన టేకు బల్ల వేస్తాం. చిక్కంతా ఆ బల్లతోనే.

రాయపూర్‌లో మే నెల గాలి పొడిగా ఉంటుంది. జూలైలో తేమతో నిండుతుంది. తేమను పీల్చుకున్న చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు నారల పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగానే ఎక్కువ. టేకులో తేమ 1 శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుందనుకుందాం. తేమ 8 నుంచి 13 శాతానికి చేరితే మన బల్ల 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది!

కింది ప్లైవుడ్ పెట్టెలు అంతగా పెరగవు. వాటిలోని పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉండి, ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయి. అందుకే బల్లను జిగురుతో అతికిస్తే అది వంగుతుంది, లేదా వేసవిలో పగులుతుంది. ఖరీదైన టేకు వృథా అవుతుంది.

మరేం చేయాలి? మధ్య వరుస స్క్రూలను మాత్రమే గట్టిగా బిగించాలి. రెండు అంచుల దగ్గర స్క్రూలకు గుండ్రటి రంధ్రాలు కాక, వెడల్పు దిశలో సాగిన రంధ్రాలు చేయాలి. అప్పుడు బల్ల ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర మిల్లీమీటర్లు స్వేచ్ఛగా కదులుతుంది.

మీ ఇంట్లో వానాకాలంలో బిగుసుకునే చెక్క తలుపు ఉందా? దాని వెడల్పును ఇప్పుడొకసారి, వచ్చే వేసవిలో మరొకసారి కొలిచి, తేడా రాసిపెట్టుకోండి.